సిఫారసు లేఖలు: విన్నపము, వాక్యము, పేరు

లేఖాసాహిత్యమనగానే మన పరిశోధకుల దృష్టి కవుల లేఖలమీదికి, దేశనాయకులు చెఱసాలలనుండి వ్రాసిన లేఖలమీదికి పోవుట పరిపాటి. ఆ నాయకులకే నిత్యము అందిన వేఱొక జాతి లేఖలు కలవు. అవి ఉద్యోగము కోరి సామాన్యులు వ్రాసికొన్నవి. మా పిల్లవానికి గుమాస్తా పని యిప్పింపుడనియు, కలెక్టరుగారికి ఒక్క మాట వ్రాయుడనియు వచ్చిన ఈ యుత్తరములను భద్రపఱచినవారు తక్కువ. సాహిత్యవిద్యార్థులలో చదివినవారు మఱియు తక్కువ. ఇందు రసమేమున్నదని అడుగవచ్చును. రసము సంగతి యెట్లున్నను, తెలుగువాడు అధికారము నెదుట నిలిచి మాటలాడిన తీరు ఇంత స్పష్టముగా కానవచ్చు చోటు వేఱొకటి లేదని నా యభిప్రాయము. ఈ వ్యాసమున వాని రూపమును, భాషను పరిశీలించి, ఒక ప్రశ్నకు సమాధానము వెదకెదను: సిఫారసు చేసినవాని పేరు ప్రభుత్వపత్రములో ఎచ్చట నిలుచుచున్నది?

మొదట ఒక విభాగము అవసరము. లోకమున "సిఫారసు ఉత్తరము" అను ఒక్క పేరుతో రెండు లేఖలను వ్యవహరించుచున్నాము. ఉద్యోగార్థి నాయకునికి వ్రాయునది యొకటి; నాయకుడు అధికారికి వ్రాయునది మఱియొకటి. మొదటిది విన్నపము, రెండవది సిఫారసు. విన్నపము వ్రాయువాడు తన సంసారమంతయు విప్పి చెప్పుకొనును. సిఫారసు వ్రాయువాడు ఏమియు చెప్పనట్లుండి చెప్పవలసినది చెప్పును. ఈ రెంటిని కలిపి చదివినచో రెండును బోధపడవు.

విన్నపమను మాట సంస్కృత విజ్ఞాపన శబ్దభవము. శాసనపరిచయము గలవారికి దాని ప్రాచీనత చెప్పనక్కఱలేదు. పల్లవుల తామ్రశాసనములలో దానము ఎవని ప్రార్థనపై జరిగెనో వానిని విజ్ఞప్తి యనియు, దానిని నడిపించిన యధికారిని ఆజ్ఞప్తి యనియు పేర్కొనుట కలదు. తూర్పుచాళుక్యుల శాసనములందు ఆజ్ఞప్తి పేరు తఱచుగా కానవచ్చును. అనగా ఇచ్చినవాడు రాజు, అడిగినవాడు ఫలానివాడు, నెఱవేర్చినవాడు ఫలానివాడు అని రాగిరేకుమీదనే చెక్కించినారు. అడిగినవాని పేరు దాచవలసిన రహస్యము కాదు. దానమునకు అదియు నొక సాక్ష్యము. ఈ విషయమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాను.

తక్కిన మాటలు పెక్కులు పారసీ కచేరీల ద్వారమున మనకు వచ్చినవి. అర్జీ, దరఖాస్తు, సిఫారసు, వసీలా, పైరవీ, ఉమేదువారు ఇట్టివి. ఉమేదనగా ఆశ. జీతము లేకుండ కచేరీలో పని నేర్చుకొనుచు, ఖాళీ యేర్పడినపుడు తనకు దక్కునని కనిపెట్టుకొని యుండువాడు ఉమేదువారు. ఆశనే వృత్తినామముగా చేసిన ఈ మాటకు సాటియైన తెలుగు మాట నాకు తోచుట లేదు. పైరవీకి మూలార్థము వెంబడించుట, వ్యాజ్యమును విడువక నడపుట. అది నేడు పలుకుబడితో పని చక్కబెట్టుటయను అర్థమున స్థిరపడినది.

ఉద్యోగ శబ్దము సంగతి మఱియు వింత. సంస్కృతమున దానికి ప్రయత్నమని యర్థము. భారతమున ఉద్యోగపర్వములో కొలువు వెదకినవా రెవ్వరును లేరు. కొలువు వెదకుట విరాటపర్వముననే ముగిసినది. అచ్చట పాండవులు విరాటుని యెదుట నిలిచి, పూర్వము తాము ధర్మరాజు కొలువున నుంటిమని, ఒకడు వంటవాడననియు, ఒకడు అశ్వశిక్షకుడననియు, ఒకడు గోరక్షకుడననియు చెప్పుకొందురు. ధర్మరాజే కంకుడై తాను ధర్మరాజునకు ఆప్తుడననును. పూర్వపు యజమాని పేరు చెప్పి పని యడుగుట మన వాఙ్మయమున ఇంతకంటె చమత్కారముగా ఎచ్చటను లేదు: సిఫారసు చేయవలసిన ప్రభువును, పని యడుగు అర్థియు ఒక్కడే.

సంస్థానముల కాలమున పండితులకు, కవులకు రాజదర్శనమే ప్రధానము. ఆస్థానమునందలి పెద్ద యొకడు లోపల మాట చెప్పవలెను, పిదప విద్యాపరీక్ష. తిరుపతి వేంకటకవుల నానారాజసందర్శనము అను గ్రంథనామమే ఆ సంచారజీవనమును తెలుపుచున్నది. అయితే అచ్చట అర్థి తన విద్యను సభలో చూపవలసియుండెను. చెప్పినవాని మాట ద్వారమువఱకే పనికివచ్చెను.

కుంపినీ ప్రభుత్వకాలపు అర్జీలకు మనకు మంచి యాధారము సి. పి. బ్రౌను 1852లో ప్రకటించిన తెలుగు రీడరు. సొంత ఉత్తరములు, వ్యవహారపు ఉత్తరములు, పోలీసు రివిన్యూ విషయముల కాగితములు ఇందు చేర్చబడినవి. కొత్తగా వచ్చిన దొరలు కచేరీ తెలుగు నేర్చుకొనుటకై కూర్చిన ఈ పుస్తకము నేడు మనకు ఆనాటి వచనమునకు సాక్ష్యమైనది. ఇచ్చట ఒక సంగతి గుర్తింపదగును. 1853 చార్టరు చట్టము పోటీపరీక్షలకు దారి తీయువఱకు కుంపినీ సివిలు ఉద్యోగములన్నియు లండనులోని డైరెక్టర్ల నామనిర్దేశము చేతనే లభించెడివి. బ్రౌనుదొరయు ఆ మార్గముననే 1817లో మదరాసు చేరినవాడు. మనవారి అర్జీలను చదివి తీర్పు చెప్పిన దొరలందఱును ఒకప్పుడు ఒకరి సిఫారసుతో వచ్చినవారే యనుట మఱవరాదు.

యోగ్యతయే ఆధారముగా అడిగినవాని గతి యేమైనదో కావలి వెంకట లక్ష్మయ్య చరిత్ర చెప్పును. ఆయన సోదరుడు బొఱ్ఱయ్య 1803లో గతించిన పిదప, కల్నలు మెకంజీ సేకరణములలో ప్రధానసహాయుడై పనిచేసినవాడు లక్ష్మయ్య. 1821లో మెకంజీ మరణించెను. ఆ పని తాను కొనసాగించుటకు అనుమతింపుడని లక్ష్మయ్య ప్రభుత్వమును కోరెను. బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పక్షమున 1836లో జేమ్సు ప్రిన్సెపు, అట్టి పనికి లక్ష్మయ్యయే కాదు, ఈ దేశస్థు డెవ్వడును చాలడను భావమును తెలిపెను. పరిశోధనార్థమై ఊరూర తిరిగి కైఫియత్తులు వ్రాయించినవాని విన్నపము ఇట్లు ముగిసినది. అనుభవమెంత యున్నను, పలుకగల పెద్ద చనిపోయినపుడు అర్థి ఒంటరివాడగును.

ఇంతవఱకు చెప్పిన విన్నపములు అధికారము చేతనున్నవానికే నేరుగా వ్రాయబడినవి. రాజకీయనాయకునికి వ్రాయు విన్నపము దానికి భిన్నము. నియమించు అధికారము సాధారణముగా ఆ నాయకుని చేత నుండదు. ఈ మార్పు మదరాసు రాజధానిలో 1920 ఎన్నికల పిమ్మట, ద్వంద్వప్రభుత్వముతో స్పష్టమైనది. ఎన్నికైన మంత్రి యను క్రొత్త వ్యక్తి అపుడు వచ్చెను. తెలుగువాడైన పానగల్లు రాజా 1921 మొదలు 1926 వఱకు ముఖ్యమంత్రిగా నుండెను. 1921లోనే వివిధ వర్గములకు కొలువులలో భాగము కల్పింపనుద్దేశించిన కమ్యూనలు జి. ఓ. వెలువడెను. వంశానుగతముగా కచేరీలు నిండియున్న కాలమున అది అనేకులకు తలుపు తెఱచినది. కాని తలుపు తెఱచినవారి చుట్టును విన్నపములు మూగుటయు సహజమే. నియామకములను మంత్రుల చేతినుండి వేఱుపఱచుటకు 1929లో మదరాసు సర్వీసు కమీషను చట్టము చేయబడినది. దేశమున ఏ యితర రాష్ట్రమునను అప్పటి కట్టి కమీషను లేదు.

1937లో కాంగ్రెసు మంత్రివర్గము, 1946లో టంగుటూరి ప్రకాశముగారి మంత్రివర్గము వచ్చిన పిమ్మట విన్నపములలో క్రొత్త యోగ్యత యొకటి చేరినది. అది దేశసేవ. ఉప్పు సత్యాగ్రహమున దెబ్బలు తిన్నవాడు, 1942లో చెఱకు పోయినవాడు, అట్టివాని కుమారుడు, తమ్ముడు, అల్లుడు. "రాజకీయ బాధితుడు" అను సమాసము ప్రభుత్వ వ్యవహారమున ఒక వర్గనామమైనది. నిజముగ బాధపడినవారు పెక్కుమంది ఏమియు అడుగక యూరకుండిరి. అడిగినవారందఱును బాధపడినవారు కారు.

ఈ విషయమున మన చరిత్రలో మిక్కిలి బరువైన లేఖ ఉద్యోగము కోరినది కాదు, దానికి విరుద్ధమైనది. దేశభక్త కొండా వెంకటప్పయ్యగారు ఎనుబది దాటిన వయస్సున మహాత్మునికి వ్రాసిన లేఖయది. గాంధీజీ 1948 జనవరి 12వ తేదీన, మఱునాటినుండి నిరశనము పూనుచున్నట్లు ప్రకటించిన ప్రసంగముననే దానిని ప్రస్తావించి లోకమునకు వెల్లడించెను. అధికారపు రుచి కాంగ్రెసువారి తల తిప్పినదనియు, శాసనసభ్యులు తమ పలుకుబడితో ధనార్జన చేయుచున్నారనియు, కలెక్టర్లును రివిన్యూ అధికారులును స్వేచ్ఛగా విధులు నిర్వహింపలేకున్నారనియు ఆ లేఖ సారాంశము. స్వరాజ్యము వచ్చి అప్పటికి ఐదు నెలలు నిండలేదు. పరపాలనపై పోరాడిన వృద్ధుడే స్వపక్షమువారి సిఫారసులవలన పాలన వంగిపోవుచున్నదని వ్రాయవలసివచ్చినది. వెంకటప్పయ్యగారు ఆ మఱుసటి సంవత్సరము గతించిరి.

ఇక విన్నపము నిర్మాణమును చూతము. ఇచ్చట చెప్పు వాక్యములు ఏ యొక్క లేఖనుండియు తీసినవి కావు; ఈ జాతి లేఖలకు సామాన్యమైన పలుకుబడులు.

సంబోధనమున కాలభేదము తేటపడును. పాతవానిలో శ్రీకారము, "మ. రా. రా. శ్రీ", "మహాఘనత వహించిన", "సముఖమునకు" అనునవి. స్వాతంత్ర్యానంతరము "దేశభక్త", "గౌరవనీయులైన మంత్రివర్యులు". పిదప "అన్నగారికి" అను పిలుపు ప్రబలినది. ఏలికకు వ్రాయు కాగితము క్రమముగా చుట్టమునకు వ్రాయు ఉత్తరమైనది. దీనిని ప్రజాస్వామ్యలక్షణమని కొందఱు సంతోషింపవచ్చును. నాకు మాత్రము ఇది చిక్కైన మార్పుగా తోచుచున్నది: ఏలికను న్యాయమడుగవచ్చును, అన్నను మొగమోటపెట్టవచ్చును.

తరువాత సంబంధప్రస్తావము. ఫలాని యేడు తాము మా గ్రామమునకు దయచేసినపుడు మా యింటనే భోజనము చేసితిరని, మా పెదనాన్నగారు తమతో ఒకే చెఱలో నుండిరని, తమ మేనత్తగారి ఊరు మా ఊరేనని. కులమును పేర్కొనుట అరుదు, పేర్కొననక్కఱయు లేదు. ఇంటిపేరు, ఊరిపేరు వ్రాసిన చాలును, చదువు తెలుగువానికి తక్కినది తెలియును. వ్రాయని దానిని చదివించు ఈ శక్తి మన ఇంటిపేర్ల కున్నదని సామాజిక భాషాశాస్త్రము చదువువారు గమనింపవలెను.

కష్టము చెప్పుకొను భాగమున భాష హఠాత్తుగా మాఱును. అంతవఱకు "తమ దివ్యసముఖమునకు విన్నవించుకొనునది యేమనగా" అని నడచిన వచనము, "ఇద్దరు ఆడపిల్లలు ఎదిగి కూర్చున్నారు, అప్పు పుట్టడం లేదు" అని పలుకును. సమాసములు జాఱిపోవును, క్రియలు ఇంటిలో పలికినట్లే వచ్చును. గిడుగు రామమూర్తి పంతులుగారు గద్యచింతామణిలో ప్రాచీన వ్యవహారవచనమును కూర్చి, అవసరము వచ్చినపుడు తెలుగువాడు ఏ భాష వ్రాసెనో చూపినారు. ఆ వాదమునకు ఈ విన్నపముల నడిమి భాగము గొప్ప తార్కాణము. గ్రాంథికము మర్యాదకు, వ్యవహారము ఆకలికి అన్నట్లు ఒకే కాగితమున రెండు భాషలు నిలిచియున్నవి.

యోగ్యత చిట్టచివరకు వచ్చును: మా వాడు స్కూలు ఫైనలు ప్యాసైనాడు, టైపు నేర్చినాడు. అంతకుమించి ఉండదు. కోరిక యేమనిన "ఏదో యొక ఆధారము". ఫలాని పదవియని అడుగుట తక్కువ. ఉద్యోగము పనిగా గాక ఆధారముగా భావింపబడుటకు ఈ యొక్క మాట చాలును. ఈ విన్నపములలో అనేకము తండ్రులు కొడుకులకై వ్రాసినవి. పని చేయవలసినవాని గొంతు వినరాదు.

నాయకుని సిఫారసు ఇంతకు పూర్తిగ విరుద్ధము. రెండు మూడు వాక్యములు. "ఈ యుత్తరము తెచ్చువాడు మావాడు. వీలైనచో, నిబంధనలకు లోబడి, ఇతని విషయము సానుకూలముగా పరిశీలింపగలరు." ఇందు ప్రతి పదమునకును పని యున్నది. "వీలైనచో" అనుట వలన ఆజ్ఞ కాలేదు. "నిబంధనలకు లోబడి" అనుట వలన తప్పు కాలేదు. "పరిశీలింపగలరు" అనుటలో గలరు ప్రత్యయము సామర్థ్యమును, భవిష్యత్తును తెలుపవలసినది, ఇచ్చట మర్యాదతో గూడిన విధిగా మాఱినది. ఆజ్ఞయని పట్టుకొనబోయిన చేతికి చిక్కదు. ఇంత జాగ్రత్తగా కట్టిన వాక్యమున నిజమైన బరువు "మావాడు" అను చిన్న మాటమీద నున్నది.

ఆ మాటకు ఒక మెట్టు పైన "మనవాడు" కలదు. మేము, మనము అను భేదము తెలుగున నుండుట వ్యాకరణము చదివినవారందఱు ఎఱిగినదే. దాని ప్రయోజనము ఈ లేఖలలో ప్రత్యక్షమగుచున్నది. "మావాడు" అన్నపుడు నాయకుడు తన సంబంధమును మాత్రమే చెప్పి, అధికారిని బయట నిలుపుచున్నాడు. "మనవాడు" అన్నపుడు అధికారినిగూడ లోనికి లాగుచున్నాడు: మీరును నేనును ఈ పిల్లవాడును ఒక్కటి. ఏ విషయమున ఒక్కటి? ఊరా, పక్షమా, కులమా? చెప్పనక్కఱలేదు. ఇట్టి భేదము లేని ఇంగ్లీషులోనికి ఈ లేఖను అనువదించినచో సారము పోవును. కచేరీ కాగితములను ఇంగ్లీషు సంక్షేపములలో మాత్రమే చదివి తీర్పులు చెప్పు చరిత్రకారులు ఈ నష్టమును గుర్తింపవలెను.

సిఫారసులో మఱియొక రూపము మిక్కిలి ప్రచారమున నున్నది. నాయకుడు వేఱుగా లేఖ వ్రాయడు. అర్థి విన్నపముమీదనే ఒక మూల "తగు చర్య నిమిత్తము" అని వ్రాసి సంతకము చేయును. తగు చర్య యనగా ఏదైన కావచ్చును, త్రోసిపుచ్చుటయు తగు చర్యయే. కాని ఆ సంతకముగల కాగితమును త్రోసిపుచ్చుట సులభము కాదని మువ్వురకును తెలియును.

ఇట్టి వాక్యము ఏల పుట్టినది? చట్టము సిఫారసును నిషేధించుచుండగా, వ్యవహారము దానిని కోరుచుండుట వలన. రాజ్యాంగము 16వ అధికరణము ప్రభుత్వోద్యోగములలో అందఱకును సమానావకాశము నిచ్చినది. 315వ అధికరణము మొదలు సర్వీసు కమీషన్లను విధించినది. ఆంధ్రరాష్ట్రమునకు 1953లోను, ఆంధ్రప్రదేశమునకు 1956 నవంబరు 1వ తేదీనను కమీషన్లు ఏర్పడినవి. ఉద్యోగ ప్రకటనలలో సిఫారసు తెచ్చినవారు అనర్హులగుదురను హెచ్చరిక పరిపాటి. 1964 కేంద్ర సివిలు సర్వీసుల ప్రవర్తనా నియమములలో 20వ నియమము, ఉద్యోగి తన ఉద్యోగవిషయమున రాజకీయముగ గాని, ఇతరముగ గాని బయటి పలుకుబడిని తేరాదని స్పష్టముగా చెప్పుచున్నది. కావున నియామకపు టుత్తరువులో ప్రకటన సంఖ్య యుండును, మార్కులుండును, రోస్టరు క్రమముండును. నాయకుని లేఖ ప్రస్తావన యుండదు. లేఖ వ్రాయబడినను, పనిచేసినను, ఉత్తరువున దానికి చోటులేదు.

నా మొదటి ప్రశ్నకు సమాధాన మిదియే. పల్లవుల రాగిరేకున అడిగినవాని పేరు దాతపేరుతోపాటు నిలిచినది. ఆధునిక ప్రభుత్వపత్రమున అడిగినవాని పేరు పూర్తిగ లోపించినది. రాజరికమున పక్షపాతము లేకుండెనని నేననుట లేదు. అది అంతయు పక్షపాతమే. కాని అడిగినవాడు తన యడుగుటకు పూచీపడెను. నేటి సిఫారసు పూచీ లేనిది. దాని భాష అట్లుండుటకు కారణము నాయకుని వినయము కాదు.

పూచీతో గూడిన సిఫారసు నేటి కాలమున బొత్తిగా లేదనరాదు. 1972లో కేంద్రప్రభుత్వము స్వాతంత్ర్యసమరయోధులకు పింఛను నేర్పఱచినపుడు, ఆఱు నెలల కారాగారవాసమునకు చెఱసాల దాఖలాలు దొరకనివారు, శాసనసభ్యుడో పార్లమెంటు సభ్యుడో అయిన, లేక పూర్వము అయియుండిన సహఖైదీ ధ్రువపత్రమును సమర్పింపవచ్చునని నియమము చేసినది. ఇచ్చట నాయకుని మాట పలుకుబడి కాదు, సాక్ష్యము. అందుచేత పేరు కాగితమున నిలిచినది. దీనికి ఎదురు దృష్టాంతము హైదరాబాదు రాష్ట్రపు ముల్కీ ధ్రువపత్రము. 1919 ఫర్మానా ప్రకారము 15 ఏండ్ల నివాసము గలవాడు ముల్కీ. స్థానికునికి రక్షణగా పుట్టిన ఈ పత్రము దొంగపత్రములుగా చెలామణి యగుచున్నదను ఆగ్రహమే 1952 ముల్కీ ఉద్యమమునకు ప్రధానకారణమైనది. ధ్రువీకరించినవాడు పూచీపడనిచో ధ్రువపత్రమును పైరవీలో భాగమగును.

ఇటీవలి కాలమున పూచీని మరల కాగితముమీదికి తెచ్చు యత్నములు జరిగినవి. 2005 సమాచారహక్కు చట్టము వలన దస్త్రము లోపలి వ్రాతను పౌరు డడుగవచ్చును. అధికారులు నోటిమాటగా వచ్చిన ఆదేశములపై నడువరాదని, వానిని వ్రాతలో నుంచవలెనని 2013లో సుప్రీముకోర్టు చెప్పినది. 2016 మొదలు కేంద్రప్రభుత్వపు క్రింది తరగతి ఉద్యోగములకు మౌఖికపరీక్ష తీసివేయబడినది. వ్రాతపరీక్షలో "మనవాడు" అను మాటకు మార్కులు లేవు. అయితే తాత్కాలికపు కొలువులు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు కొలువులు పెరిగిన కొలది లేఖకు క్రొత్త పొలము దొరకినది. ఇక లెటరుప్యాడు వాడుక ఉద్యోగములను దాటి తిరుమల దర్శనమువఱకు వ్యాపించినది; అచ్చట మాత్రము సిఫారసు బహిరంగము, నియమబద్ధము.

ఈ లేఖలపై పనిచేయదలచిన విద్యార్థులకు కొన్ని సూచనలు. విన్నపమున కానవచ్చు చేతివ్రాత అర్థిదే యని తలపరాదు. తహసీలు కచేరీల వద్ద అర్జీలు వ్రాసి జీవించువారు ఒక వృత్తిగానే యుండిరి, సూత్రవాక్యములు తఱచుగా వారివి. అర్థుల పేర్లు, ఊళ్లు ప్రకటింపరాదు. వారి బిడ్డలు, మనుమలు జీవించియుందురు, ఆకలి నాడు వ్రాసిన మాట అచ్చులో చూచుకొనుట ఎవరికిని ఇష్టము కాదు. నాయకుని సంతకమున్నంత మాత్రమున ఉద్యోగము వచ్చినదని నిర్ణయింపరాదు. పెక్కు లేఖలకు ఫలము లేదు. ముఖ్యముగా, విన్నపమును అచ్చువేయునపుడు మూలనున్న వ్రాతను, కచేరీ ముద్రను, చేరిన తేదీని వదలివేయుట మన సంపాదకులకు అలవాటు. అవి సాహిత్యము కావని వారి యూహ. ఒకే కాగితమున తండ్రి వ్రాసిన నలువది పంక్తులును, నాయకుడు వ్రాసిన మూడు మాటలును, గుమాస్తా వేసిన తేదీయు ఉన్నపుడు, ఆ మూడింటిని కలిపియే అచ్చువేయవలెను.